ఆషాఢంలో మొదలుపెట్టు అల్లుడూ, అన్నీ ఒకేసారి వద్దు

అల్లుడూ,

ఒకటో తారీఖు నుంచి బిల్లింగ్, గోడౌన్ స్టాక్, అప్పు ఖాతాలు, బార్‌కోడ్ అన్నీ కంప్యూటర్‌లోకి మార్చేస్తానని రాశావు. మార్చాల్సిందే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. ఒకేసారి మాత్రం వద్దు. మనది పైపులు, శానిటరీ సామాన్ల షాపు, పొద్దున్నే ప్లంబర్లు కౌంటర్ మీద పడతారు, పక్కన పని ఆగిపోయి మేస్త్రీ ఫోన్ చేస్తుంటాడు, ఆ టైమ్‌లో అరగంట బిల్లు రాకపోతే వాళ్లు ఎదురు షాపుకి వెళ్లిపోతారు.

ప్రభుత్వమే ఈ-ఇన్‌వాయిస్‌ని, అంటే వ్యాపారుల మధ్య బిల్లుల్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతిని, దశలుగా తెచ్చింది చూడు. 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి పెట్టారు, మూడు నెలలకి 100 కోట్లు, తర్వాత 50, 20, 10 అని దించుకుంటూ 2023 ఆగస్టు 1కి 5 కోట్లకి వచ్చారు. ఆడిటర్లకీ చిన్న వ్యాపారులకీ నేర్చుకునే వ్యవధి దొరికింది.

నీ మొదటి పని సాఫ్ట్‌వేర్ కొనడం కాదు, సరుకుల పేర్లు తేల్చడం. ఒకే సీపీవీసీ ఎల్బోని (ప్లాస్టిక్ పైపుని మలుపు తిప్పే ముక్క) మీ నాన్న అర అంగుళం అని రాస్తారు, కౌంటర్ కుర్రాడు హాఫ్ ఇంచ్ అంటాడు, కంపెనీ బిల్లులో 15 ఎంఎం అని ఉంటుంది. ఇవి మూడూ మూడు సరుకులుగా ఎక్కాయంటే స్టాక్ ఏనాటికీ కలవదు. ప్రతి సరుకుకీ ఒకే పేరు, కొలత, కంపెనీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని గుర్తించే నంబరు, ప్లాస్టిక్ పైపులకీ ఫిట్టింగులకీ 3917) రాసి పెట్టుకో. విసుగు పుట్టే పనే, కానీ దీన్ని ఇంకొకరికి అప్పగించకు.

ఈ పనికి పెద్ద గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకో. ఆయన మొహం మాడ్చుకుంటున్నారని రాశావు కదా, అది మొండితనం అనుకోకు, భయం. ఏ కాంట్రాక్టర్ స్లాబ్ బిల్లు వచ్చాక కడతాడో, ఎవరికి అరువు పెంచకూడదో, ఏ ఊరి ప్లంబర్ మాట మీద నిలబడతాడో అంతా ఆయన తలలోనే ఉంది, అదే ఆయన విలువ, ఇప్పుడు నువ్వొచ్చి అదంతా పెట్టెలో పెడతానంటే తన అవసరం తీరిపోతుందనుకోడా? అప్పు ఖాతాలు ఎక్కించాక కూడా ఎవరికి ఎంతవరకు అరువివ్వాలో ఆయనే చెప్పాలని అందరి ముందూ చెప్పు, జీతం తగ్గదని విడిగా చెప్పు. కీబోర్డు కొట్టడానికి కుర్రాడు ఉంటాడు.

ఇక వరస. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు, వానలకి పనులు తగ్గుతాయి, అప్పుడు మొదలుపెట్టు. జీఎస్టీ లెక్కలు ఇంగ్లీషు నెలల ప్రకారమే కాబట్టి ఆ నెల ఒకటో తారీఖునే దిగు. ముందు నగదు కౌంటర్ ఒక్కటే. నెలరోజులు పుస్తకం కూడా రాయించు, రాత్రి షాపు మూసేటప్పుడు గల్లా, పుస్తకం, కంప్యూటర్ మూడూ కలవాలి. కలుస్తున్నాయంటే గోడౌన్‌కి వెళ్లు, అక్కడ వారానికోసారి నీకు తోచిన ఓ ఇరవై సరుకులు లెక్కపెట్టి స్క్రీన్‌తో చూసుకో. అవి కుదిరాకే అప్పు ఖాతాలు. బార్‌కోడ్ సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాం. యూపీఎస్, రోజూ బ్యాకప్ మొదటి రోజు నుంచే ఉండాలి.

మీ ఎంబీఏలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ మార్పు గురించి 1947లో రాసిన మూడు దశలు చదివే ఉంటావు, పాత పద్ధతిని కరిగించడం, మార్చడం, కొత్తదాన్ని గట్టిపరచడం. మన షాపుల్లో మూడోదాన్నే వదిలేస్తారు. పుస్తకమూ కంప్యూటరూ రెండూ ఏళ్ల తరబడి నడుస్తాయి, తేడా వచ్చినప్పుడల్లా అందరూ పుస్తకాన్నే నమ్ముతారు. అందుకే ఒక్కో దశలో పుస్తకం ఏ తారీఖున ఆగిపోతుందో ముందే చెప్పు, లెక్క కలిస్తే ఆ రోజు నిజంగా ఆపెయ్.

మీ నాన్న సంగతి. తెలిసినవాళ్లు వస్తే బావ చీటీ మీద రాసిచ్చి సరుకు పంపించేస్తారు, నాకు తెలుసు. యజమాని చీటీ చెల్లుతుందని తెలిసిన మర్నాడే షాపులో అందరూ చీటీలే రాస్తారు. నువ్వు చెప్తే ఆయన వినకపోవచ్చు, ఆదివారం నేను ఫోన్ చేసి మాట్లాడతాను. ఈలోపు నువ్వు సరుకుల జాబితా మొదలుపెట్టు, ఫిట్టింగుల వరకూ అయ్యాక నాకు పంపు.

మావయ్య