నడవొద్దంటారు, బరువు తగ్గమంటారు

ప్రశ్న: మేడమ్, నాకు 57 ఏళ్ళు. అనంతపురంలో ఇరవై రెండేళ్ళుగా మా ఆయనా నేనూ టిఫిన్ బండి నడుపుతున్నాం. తెల్లవారి నాలుగున్నరకు లేస్తే పదకొండు దాకా నిలబడే ఉంటాను. ఎత్తు ఐదడుగులు, బరువు 82 కిలోలు. బీపీ ఉంది, షుగర్ లేదు. రెండు మోకాళ్ళూ నొప్పే, కుడిది మరీ ఎక్కువ. ఎక్స్‌రే తీసి, గుజ్జు అరిగింది, బరువు తగ్గమ్మా అన్నారు. బరువు తగ్గాలంటే నడవాలి కదా? నడిస్తే ఉన్న గుజ్జు కూడా పోతుందని మా వదిన, పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు. అన్నం మానేసి మధ్యాహ్నం రాగి సంగటి తింటున్నా. నాలుగు నెలలైనా కిలో తగ్గలేదు. మా ఇల్లు మేడమీద. నొప్పి ఎక్కువైన రోజు మెడికల్ షాపులో బిళ్ళ తెచ్చుకుని వేసుకుంటా. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: అక్కా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఎందుకంటే ఆ భయం మా ఇంట్లో కూడా ఉండేది.

నేను ఫిజియోథెరపీ చదవకముందు మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. రెస్ట్ తీసుకోమని ఒక డాక్టర్ గారు చెప్పారు. ఎన్ని రోజులని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. బిందె ముట్టనివ్వలేదు, వీధిలోకి వెళ్ళనివ్వలేదు. ఏడాది పాటు మంచం మీద కూర్చోబెట్టి అన్నీ చేతికిచ్చాం, అదే ప్రేమ అనుకున్నాం. ఏడాది తర్వాత చూస్తే బరువు ఆరు కిలోలు పెరిగింది, తొడలు మాత్రం సన్నబడ్డాయి. మంచం మీంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

గుజ్జుకు రక్తనాళాలు ఉండవు. కీలు లోపలుండే జిగురు ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. అంట్లు తోమే స్పాంజ్‌ను నొక్కి వదిలితే ఎట్లా నీళ్ళు పీల్చుకుంటుందో, కాలు కదిలినప్పుడు గుజ్జు కూడా అట్లాగే ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలని మోకాలికి ఆ తిండి సరిగ్గా అందదు. పైగా తొడ ముందుభాగం కండ బలంగా ఉంటే అడుగు వేసినప్పుడు అదిరే అదురును అదే మోస్తుంది. అది సన్నబడితే ఆ అదురంతా కీలు మీదే పడుతుంది. కాబట్టి మీ వదినకు చెప్పండి, నడిస్తే అరిగిపోతుందనేది నిజం కాదు. కానీ ఆరున్నర గంటలు ఒకేచోట నిలబడటం నడక కింద లెక్కకు రాదు. అది వేరే సంగతి, కింద చెప్తా.

ఇక బరువు. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వాళ్ళు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. మీరు నాలుగు కిలోలు తగ్గారనుకోండి, మీ కుడి మోకాలి మీద అడుగడుగుకీ పదహారు కిలోలు దించినట్టే. రోజుకు ఎన్ని అడుగులు వేస్తారో లెక్కేసుకోండి.

2013లో వాళ్ళదే ఇంకో పరిశోధన వచ్చింది. మీలాగే బరువెక్కువై మోకాళ్ళు అరిగిన, 55 దాటిన 454 మందిని మూడు గుంపులు చేసి పద్దెనిమిది నెలలు చూశారు. వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళు సగటున 1.8 కిలోలు తగ్గారు. తిండి మాత్రమే తగ్గించినవాళ్ళు 8.9 కిలోలు, రెండూ చేసినవాళ్ళు 10.6 కిలోలు తగ్గారు. నొప్పి బాగా తగ్గిందీ, నడక బాగా మెరుగుపడిందీ రెండూ చేసినవాళ్ళకే. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఈ లెక్క చెప్తాను. బరువు తగ్గడానికి నడుస్తున్నాం అనుకున్నవాళ్ళు నెల తిరిగేసరికి కాటా చూసి నిరాశపడి మానేస్తారు. బరువు తగ్గించేది ముఖ్యంగా కంచం. మీ నడక మోకాలి కోసం.

మీ కంచం గురించి ఉత్తరంలో ఎక్కువ రాయలేదు కానీ, ఊహించగలను. సంగటి మంచిదే, నేనూ తింటా. కానీ బియ్యమైనా రాగులైనా నూరు గ్రాములకు కేలరీలు దాదాపు ఒకటే, 320 నుంచి 360 లోపు. రాగుల్లో కాల్షియం, పీచు ఎక్కువ, అది నిజం. ముద్ద సైజు మారకపోతే మాత్రం కాటా ముల్లు కదలదు. ముద్ద సగం చేసి, ఆ ఖాళీలో ఆకుకూర పప్పో, బీరకాయ కూరో పెట్టండి. రోజూ పప్పు, పెరుగు, తింటే ఒక గుడ్డు తప్పనిసరి. అవి లేకుండా బరువు తగ్గితే కొవ్వుతోపాటు మనం కాపాడుకోవాలనుకునే తొడ కండ కూడా కరిగిపోతుంది.

అసలు సంగతి నూనె. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 2,000 కేలరీల భోజనానికి నూనె 27 గ్రాములు చాలన్నారు. అంటే మనిషికి నెలకు లీటరు కూడా పట్టదు. మా ఇంట్లో అమ్మ కోసం నేను చేసిన పని ఇది: నూనె ప్యాకెట్ చించిన రోజే దాని మీద స్కెచ్ పెన్‌తో తేదీ వేసేదాన్ని. మొదటి నెల మా నలుగురికీ లీటరు ప్యాకెట్ ఐదు రోజులకే అయిపోయింది. అంటే నెలకు ఆరు లీటర్లు! అందులో ఎవరూ బజ్జీలు తినలేదు, తాళింపుల్లోనే పోయింది. తేదీలు రాయడం మొదలయ్యాక ఎవరూ చెప్పకుండానే చెయ్యి తగ్గింది. మీరు బండి నూనె, ఇంటి నూనె వేరుగా పెట్టి ఇంటిదానిమీద తేదీ రాయండి.

బండి దగ్గర ఇంకో రెండున్నాయి. పదకొండింటికి మిగిలిన ఉగ్గాణి, నాలుగు మిరపకాయ బజ్జీలు పారేయలేక మీరే తింటున్నారా? టిఫిన్ బండి నడిపే అక్కలు అందరూ నాతో ఒప్పుకున్న మాట ఇది. పారేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు. పొద్దున ఆరింటికే మీ వంతు ఉగ్గాణి ఒక చిన్న ప్లేటులో తీసి, దాంతోపాటు ఉడకబెట్టిన గుడ్డు తినేసి పని మొదలుపెట్టండి. మిగిలింది ఎవరికైనా ఇవ్వండి. రెండోది టీ. రెండు స్పూన్ల చక్కెరతో రోజుకు ఐదు టీలంటే చక్కెర ఒక్కటే రెండు వందల కేలరీల దగ్గర పడుతుంది. వారానికి అర స్పూను చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక గుర్తుపట్టదు.

ఇప్పుడు మోకాలు. మొదటి మూడు వారాలు నడక పెంచకండి. ముందు తొడ కండను మేల్కొలపాలి. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోండి. ఒక టవల్ చుట్ట చుట్టి కుడి మోకాలి కింద పెట్టండి. దాన్ని మోకాలి వెనక భాగంతో కిందికి నొక్కండి. నొక్కుతూ మోకాలి చిప్పను చూడండి, అది తొడవైపు కొంచెం పైకి జరగాలి. జరిగితే కండ పని చేస్తున్నట్టు. చెయ్యి వేసి చూస్తే తొడ గట్టిపడి ఉంటుంది. ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రెండు కాళ్ళకూ, ఉదయం సాయంత్రం. మీకు బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగపట్టకూడదు, అంకెలు పైకి వినబడేటట్టు లెక్కపెట్టండి. అప్పుడు ఊపిరి దానంతటదే ఆడుతుంది.

వారం తర్వాత, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా అడుగు ఎత్తు లేపి ఐదు లెక్కపెట్టి దించండి. మూడో వారం నుంచి ఎత్తైన కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం. ఐదుసార్లతో మొదలుపెట్టండి. మా అమ్మ మొదటిరోజు ఒక్కసారి కూడా లేవలేకపోయింది. కుర్చీ మీద రెండు దిండ్లు వేస్తే లేచింది. రెండు నెలల్లో ఒక దిండు తీసేశాం, నాలుగో నెలలో రెండోది.

మూడు వారాలయ్యాక నడక. పది నిమిషాలు, చదునైన నేల మీద, అరిగిన హవాయి చెప్పులతో కాకుండా మెత్తటి అట్ట ఉన్న చెప్పులతో. బండి మూశాక అనంతపురం ఎండలో వద్దు, సాయంత్రం చల్లబడ్డాక వెళ్ళండి. ఎంత నొప్పి వరకు పర్లేదు అని అడుగుతారు. నడుస్తుంటే కొంచెం నొప్పి ఉన్నా, మర్నాడు పొద్దునకు మామూలైపోతే పర్లేదు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే ముందురోజు చేసినదాంట్లో సగమే చేయండి. మానేయకండి.

బండి దగ్గర ఎత్తు స్టూల్ ఒకటి వేసుకుని బజ్జీలు కూర్చునే వేయండి. దోసెల దగ్గర నిలబడక తప్పకపోతే కాళ్ళ దగ్గర ఒక ఇటుక పెట్టి, ఒక కాలు కాసేపు, ఇంకో కాలు కాసేపు దానిమీద ఆనించండి. అరగంటకోసారి పది అడుగులు వేసి రండి. ఇంట్లో నేలమీద బాసింపట్టు వేసుకుని కూరగాయలు తరగడం, గొంతుక్కూర్చుని గిన్నెలు కడగడం మానాలి. కింద కూర్చునే బాత్రూమ్ అయితే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ దొరుకుతుంది, అందుకు సిగ్గుపడాల్సిన పనే లేదు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కుడి కాలు, చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీద. కర్ర పట్టుకుంటే ఎడమ చేత్తో పట్టుకోవాలి. నొప్పి ఉన్న కాలివైపు చేత్తోనే పట్టుకుంటారు చాలామంది, అది తప్పు.

ఆ బిళ్ళల సంగతి. నొప్పి బిళ్ళలు బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. మీ బీపీ చూసే డాక్టర్‌కు ఏ బిళ్ళ, నెలకు ఎన్ని వేసుకుంటున్నారో చెప్పి, ఆయన చెప్పిందే వాడండి. మోకాలు ఉన్నట్టుండి వాచి వేడిగా ఎర్రగా అయినా, జ్వరం తోడైనా, కాలు మడిచినచోటే బిగుసుకుపోయినా, పొద్దున లేవగానే వేళ్ళు కూడా గంట దాకా పట్టేసినట్టున్నా ఆగకుండా వెళ్ళి చూపించండి. మన జిల్లాలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. నడుము, మెడ కూడా బిగిస్తుంటే ఆ మాట కూడా డాక్టర్‌తో అనండి.

మీ లెక్క ఆరు నెలలకు నాలుగు కిలోలు. 82 నుంచి 78. దానికన్నా తొందర వద్దు.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నాయి, కర్ర లేకుండానే నడుస్తుంది. మనవడు పుడితే అలిపిరి మెట్ల మీదుగా కొండ ఎక్కుతానని మొక్కుకుంది. మనవడు పుట్టాడు. వద్దంటే ఏడుస్తోంది.
– ఒక కొడుకు, కడప

జవాబు: తమ్ముడూ, వద్దని మాత్రం అనకు. గడువు అడుగు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఇప్పుడున్న మోకాళ్ళతో ఎక్కితే ఆమెకు కష్టమే. పై అక్కకు చెప్పిన తొడ వ్యాయామాలన్నీ అమ్మతో ఈరోజే మొదలుపెట్టించు. మన దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు కదా, అక్కడికి వారానికి మూడు రోజులు తీసుకెళ్ళి ప్రదక్షిణలు చేయించు. చదును నేల, పొద్దుటి చల్లదనం, ఆమెకు ఇష్టమైన పని. మూడు ప్రదక్షిణలతో మొదలుపెట్టి వారానికి ఒకటి పెంచండి. మూడో నెల నుంచి ఇంటి మెట్లు, రోజూ మామూలుకన్నా ఒకసారి ఎక్కువగా ఎక్కించు.

ఆరు నెలలకు, మూడంతస్తులు ఎక్కి దిగి మర్నాడు మామూలుగా లేవగలిగితే, మీ డాక్టర్‌కు ఒకసారి గుండె, బీపీ చూపించుకుని బయల్దేరండి. ప్రతి యాభై మెట్లకూ కూర్చోబెట్టు. మోకాళ్ళ పర్వతం దగ్గర కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతారు, అమ్మను మాత్రం నిలబడే ఎక్కమని ముందే ఒప్పించు. ఎక్కడంకన్నా దిగడమే మోకాలికి ఎక్కువ భారం. దర్శనం అయ్యాక బస్సులో దిగండి.