టెక్ సందేహాలు: టోర్ దేన్ని దాస్తుంది, దేన్ని దాచలేదు

ప్రశ్న: బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో వాడుతున్నాను. డబ్బు కట్టి వీపీఎన్ కూడా తీసుకున్నాను. ఇవి రెండూ ఉండగా టోర్‌తో పనేమిటి? (వరంగల్ పాఠకుడు)

జవాబు: టోర్ అంటే ఆచూకీ తెలియకుండా ఇంటర్నెట్ వాడటానికి ఉచితంగా దొరికే నెట్‌వర్క్. ఈ మూడూ ఒకే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు కానీ అది సరికాదు. ఇన్‌కాగ్నిటో చేసేదల్లా మీరు చూసిన పేజీల జాబితా, కుకీలు మీ కంప్యూటర్‌లో మిగలకుండా తుడిచివేయడమే. అదే కంప్యూటర్ వాడే ఇంట్లోవాళ్ల నుంచి దాచుకోవడానికి అది చాలు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థకు, మీరు తెరిచిన వెబ్‌సైటుకు మాత్రం ఎప్పటిలాగే కనబడుతూనే ఉంటారు. వీపీఎన్ మీ రాకపోకలను తన సర్వర్ గుండా పంపి, మీ ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) వెబ్‌సైటుకు, మీ గమ్యాన్ని ఇంటర్నెట్ సంస్థకు తెలియనివ్వదు. అయితే ఆ రెండు సంగతులూ వీపీఎన్ నడిపేవారి దగ్గరకు చేరతాయి. పైగా 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల పేరు, చిరునామా, వారికి కేటాయించిన ఐపీ వంటి వివరాలను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలి. ఆ నిబంధనకు ఒప్పుకోని కొన్ని పెద్ద సంస్థలు ఇక్కడి సర్వర్లను ఎత్తివేశాయి. కాబట్టి వీపీఎన్ అంటే గోప్యత కాదు, మీ నమ్మకాన్ని ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మార్చుకోవడం.

ఒక్కరినే నమ్ముకోవలసిన ఆ అవసరాన్ని తప్పించడానికే టోర్ పుట్టింది. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్ సివర్సన్, మైఖేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ మొదలుపెట్టిన ఆలోచన ఇది. రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ చేరాక 2002లో టోర్ నెట్‌వర్క్‌గా రూపుదిద్దుకుంది, 2006 నుంచి లాభాపేక్ష లేని ఒక సంస్థ నిర్వహణలో ఉంది. సైన్యం కోసం తలపెట్టినదాన్ని అందరికీ ఉచితంగా ఎందుకు ఇచ్చారన్న సందేహం సహజమే. నౌకాదళం వాళ్లు మాత్రమే వాడే దారిలో ఎవరు కనబడినా నౌకాదళం మనిషేనని ఇట్టే తెలిసిపోతుంది కదా! అన్ని రకాల జనం కలిసి నడిచినప్పుడే అందులో ఎవరైనా కలిసిపోగలరు.

మీరు టోర్ బ్రౌజర్‌లో ఒక పేజీ అడిగినప్పుడు, స్వచ్ఛందంగా నడిచే వేలాది రిలేల (సమాచారాన్ని అందుకుని ముందుకు పంపే కంప్యూటర్ల) నుంచి మూడింటిని ఎంచుకుని, మీ అభ్యర్థనకు మీ కంప్యూటరే ఉల్లిపాయలాగా మూడు పొరల ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య సంకేతాల రూపం) చుడుతుంది. ఒక్కో రిలే ఒక్కో పొర మాత్రమే విప్పగలదు. మొదటి రిలేకి మీరెవరో తెలుసు కానీ ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. మధ్య రిలేకి ఆ రెండూ తెలియవు. చివరి రిలేకి గమ్యం తెలుసు, వచ్చినది ఎవరో తెలియదు. ఇందుకు మీరు చెల్లించే మూల్యం వేగం. మూడు చోట్ల ఆగి వచ్చే పేజీ నేరుగా వచ్చినంత త్వరగా రాదు. మీ వైపు, వెబ్‌సైటు వైపు ఒకేసారి నిఘా వేయగలవారు రెండు చోట్లా రాకపోకల సమయాలు పోల్చి మిమ్మల్ని గుర్తించే అవకాశం ఉంది. దీనికి పూర్తి రక్షణ ఇస్తామని టోర్ రూపకర్తలు ఎన్నడూ చెప్పలేదు.

ప్రశ్న: టోర్‌లో ఈమెయిల్, బ్యాంకు ఖాతా తెరిస్తే మరింత భద్రమా? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: కాదమ్మా. లాగిన్ అయ్యారంటే మీరెవరో మీరే చెప్పినట్లు. ఇక టోర్ దాచడానికి మిగిలేది మీరున్న చోటు మాత్రమే. బ్యాంకు విషయంలో ఇంకో చిక్కు ఉంది. చివరి రిలే జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటే, మీ ఖాతాను ఎవరో విదేశం నుంచి తెరుస్తున్నారని అనుమానించి బ్యాంకు దాన్ని స్తంభింపజేయవచ్చు. బ్యాంకు పనికి మామూలు బ్రౌజరే మేలు.

ఈమెయిల్ సంగతికి వస్తే, 2007లో జరిగిన ఒక ఉదంతం మనవాళ్లకూ సంబంధించినదే. డాన్ ఎగర్‌స్టాడ్ అనే స్వీడన్ భద్రతా నిపుణుడు కొన్ని చివరి రిలేలను స్వయంగా నడిపి, వాటి గుండా వెళ్తున్న సమాచారాన్ని గమనించి, దాదాపు వంద ఈమెయిల్ ఖాతాల పాస్‌వర్డ్‌లను బయటపెట్టాడు. వాటిలో పలు దేశాల రాయబార కార్యాలయాలవి ఉన్నాయి, భారత రాయబార కార్యాలయాలవి కూడా ఉన్నాయి. అక్కడ టోర్ విఫలం కాలేదు. చివరి పొర విప్పాక సమాచారం వెబ్‌సైటు దాకా ఎలా వెళ్తుందన్నది ఆ వెబ్‌సైటు మీద ఆధారపడి ఉంటుంది. వెబ్‌సైటు దాకా సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే హెచ్‌టీటీపీఎస్ వంటి రక్షణ ఆ ఖాతాలకు లేకపోవడంతో పాస్‌వర్డ్‌లు తెరిచిన ఉత్తరాల్లా బయటికి వెళ్లాయి. నేడు టోర్ బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ లేని సైటు తెరవబోతే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక కనబడినప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వకండి. డాట్ ఆనియన్‌తో ముగిసే చిరునామాలకైతే ఈ బెడద లేదు, ఎందుకంటే అక్కడ సమాచారం టోర్ నెట్‌వర్క్ దాటి బయటకే పోదు. బీబీసీ వార్తలకు 2019 నుంచి అలాంటి చిరునామా ఉంది.

ప్రశ్న: మా కళాశాల వైఫైలో టోర్ వాడితే అధికారులకు తెలుస్తుందా? వాడటం నేరమా? (తిరుపతి విద్యార్థి)

జవాబు: టోర్‌ను దించుకోవడం, వాడటం నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు, దాన్ని అడ్డుపెట్టుకుని చేసే నేరం మాత్రం నేరమే. మీరేం చూశారో కళాశాలకు తెలియదు గానీ, టోర్ వాడారని తెలుస్తుంది, ఎందుకంటే రిలేల ఐపీ చిరునామాల జాబితా బహిరంగంగానే ఉంటుంది. 2013 డిసెంబరులో పరీక్ష తప్పించుకోవడానికి హార్వర్డ్ విద్యార్థి ఒకరు బాంబు బెదిరింపు మెయిళ్లు టోర్ ద్వారా పంపారు. అవి అందిన సమయానికి కాస్త ముందు విశ్వవిద్యాలయ వైఫైలో టోర్ వాడినవారి కోసం వెతకగా ఆయన దొరికారు, విచారణలో ఒప్పుకున్నారు. నెట్‌వర్క్ మొత్తంలో లక్షల మంది ఉన్నా, ఆ ప్రాంగణంలో ఆ గంటలో వాడినవారు కొద్దిమందే అయితే టోర్ ఇచ్చే మరుగు అంతమేరకే. బహిరంగ జాబితాలో లేని బ్రిడ్జి రిలేలు, మామూలు వీడియో కాల్‌లా కనబడే స్నోఫ్లేక్ వంటివి బ్రౌజర్ సెట్టింగులలోనే ఉన్నాయి. అవి ప్రధానంగా టోర్‌ను అడ్డుకునే దేశాలవారి కోసం చేసినవి. కళాశాల నిబంధనలు టోర్‌ను వద్దంటే సొంత మొబైల్ డేటా వాడుకోండి.

ప్రశ్న: ఫోన్‌కి ఏ యాప్ తీసుకోవాలి? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: ఆండ్రాయిడ్‌కు టోర్ ప్రాజెక్టు వారిదే టోర్ బ్రౌజర్ ఉంది. ఐఫోన్‌కు వారి సొంత బ్రౌజర్ లేదు. ఆనియన్ బ్రౌజర్‌ను వారు సిఫారసు చేస్తారు. దానితో పాటు ఫోన్‌ను టోర్ నెట్‌వర్క్‌కు కలిపే ఆర్బాట్ యాప్ కూడా పెట్టుకోండి. స్టోరులో టోర్ పేరు తగిలించుకున్న మిగతా యాప్‌ల జోలికి పోకండి. టొరెంట్లను (వాడేవారు ఒకరి నుంచి ఒకరు నేరుగా పంచుకునే ఫైళ్లను) మాత్రం టోర్ గుండా దించకండి: ఆ సాఫ్ట్‌వేర్ మీ అసలు ఐపీని తానే బయటపెట్టగలదు, స్వచ్ఛందంగా నడిచే రిలేల మీద అనవసర భారమూ పడుతుంది.