మాంటెల్ ఆర్డరు పెట్టేముందు ఏం కొలవాలంటే

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఫోటోలు అందాయి. క్లీవ్‌లాండ్ దగ్గర 1930ల నాటి ఇటుక ఇల్లు దొరకడం, అందులో కట్టెల ఫైర్‌ప్లేస్ చెక్కుచెదరకుండా ఉండడం నిజంగా అదృష్టం. పాత మాంటెల్, అంటే ఫైర్‌ప్లేస్ చుట్టూ బిగించే, పైన అర ఉండే చెక్క చట్రం, చీలిపోయింది కాబట్టి దాన్నే కొలిచి, అదే సైజులో కొత్తది తెప్పిస్తానని రాశావు. అక్కడ ఆగమ్మా. పాత మాంటెల్‌ని కొలవకు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరెవరో ఉన్నారు, ఎవరికి తోచిన మార్పులు వాళ్ళు చేసి ఉంటారు. ఆ మాంటెల్ అక్కడ సరిగ్గానే బిగించారన్న భరోసా ఏమీ లేదు. నువ్వు కొలవాల్సింది నిప్పు ఉండే నోటిని, దాని చుట్టూ కట్టిన ఇటుకని, ఆ వెనకున్న గోడని. ఈ మూడూ తెలిస్తే మాంటెల్ కొలత దానంతట అదే తేలుతుంది.

ముందుగా అది ఏ రకం ఫైర్‌ప్లేసో తేల్చుకో. టార్చిలైటు వేసి లోపలికి, పైకి చూడు. గోడలు ఇటుకతో, పొగ గొట్టం ఇటుకతోనో మట్టి పెంకు గొట్టంతోనో ఉంటే అది మేస్త్రీ కట్టింది. లోపల రేకు పెట్టె, పైన గుండ్రటి ఇనుప గొట్టం కనిపిస్తే ఫ్యాక్టరీలో తయారైంది. గ్యాసుతో మండేదైతే కింద జాలీ వెనక చిన్న రేకు పలక మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. ఫ్యాక్టరీవాటికీ గ్యాసువాటికీ నేను కింద రాసే లెక్కలు పనికిరావు. ఆ మోడల్ పుస్తకంలో చెక్క ఎంత దూరంలో ఉండాలని రాశారో అదే శాసనం. నీ ఫోటోల్లో కనిపిస్తున్నది మాత్రం పక్కా ఇటుక కట్టడం, కాబట్టి దాని సంగతే రాస్తాను.

కొలిచే రోజుకి ముందు కనీసం రెండు రోజులు మంట వెయ్యకండి. బూడిద కింద నిప్పు కణికలు చాలాసేపు బతికే ఉంటాయి. తడి గుడ్డతో నోటి అంచుల మసి తుడిస్తే ఇటుక అసలు అంచు ఎక్కడుందో కనిపిస్తుంది. అల్లుడు గారికి టేపు రెండో కొస అప్పజెప్పు. ఒక్కరే కొలిస్తే మధ్యలో టేపు వంగి కొలత ఎక్కువ చూపిస్తుంది.

టేపు చివర కొక్కెం కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది చూశావా? పాడైందనుకుని దాన్ని సుత్తితో కొట్టి బిగించేవాళ్ళున్నారు. అది కావాలనే అలా పెట్టారు. కొక్కెం రేకు ఎంత మందమో అంతే కదులుతుంది. అంచుకి తగిలించి లాగినప్పుడు బయటికి జరుగుతుంది, గోడకి ఆనించి నొక్కినప్పుడు లోపలికి జరుగుతుంది, రెండు రకాల కొలతా సరిగ్గా వస్తుంది. ఇక నోటి లోపలి వెడల్పు కొలిచేటప్పుడు టేపుని మూలలో మడిచి అంకె ఊహించకు. రెండు సన్నటి చెక్క బద్దలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, చెరో పక్క ఇటుకకి తగిలేదాకా జరిపి, రెండూ కలిసినచోట పెన్సిలు గీత గియ్యి. బయటికి తీసి, గీత దగ్గర మళ్ళీ కలిపి, బల్ల మీద పెట్టి కొలువు. పదహారో వంతు అంగుళం కూడా తప్పదు.

వెడల్పు కింద, మధ్యన, పైన మూడుచోట్ల తీసుకో. ఎత్తు ఎడమ, మధ్య, కుడి తీసుకో. ఎత్తుకి పై హద్దు నోటి మీద ఇటుకల్ని మోస్తున్న ఇనుప పట్టీ అడుగు భాగం. మూడు అంకెలూ మూడు రకాలుగా వస్తాయి, కంగారు పడకు. పాత ఇటుక పనిలో అది మామూలే. నోటి విషయంలో మూడింట్లో పెద్ద అంకె రాసుకో, ఎందుకంటే చెక్క నిప్పుకి దూరంగా ఉండాలి. చుట్టూ ఉన్న ఇటుక పట్టీ బయటి కొలతలో మాత్రం చిన్న అంకె రాసుకో, ఎందుకంటే మాంటెల్ దాని అంచుల్ని కప్పాలి. ఈ రెండూ తారుమారు చేస్తే ఆర్డరు మొత్తం దండగ.

ఇప్పుడు అసలు లెక్క. అమెరికాలో ఇళ్ళ నిర్మాణ నిబంధనల ప్రకారం ఇటుక ఫైర్‌ప్లేస్ నోటికి 6 అంగుళాల లోపు ఎక్కడా చెక్క ఉండకూడదు. నోటి పైన 6 నుంచి 12 అంగుళాల మధ్య చెక్క ఉండొచ్చు, కానీ నోటి నుంచి ఉన్న ప్రతి అంగుళం దూరానికీ ఎనిమిదో వంతు అంగుళం మించి ముందుకి పొడుచుకు రాకూడదు. అంటే 6 అంగుళాల ఎత్తులో ముప్పావు అంగుళం, 8 అంగుళాల ఎత్తులో ఒక అంగుళం. 12 దాటాక అరను, అంటే వస్తువులు పెట్టుకునే పై పలకని, కావలసినంత ముందుకి తెచ్చుకోవచ్చు. అర కింద అందానికి పెట్టే చెక్క పట్టీ, మోల్డింగ్, కూడా ఈ లెక్కలోకే వస్తుంది. చాలామంది అరను మాత్రం కొలిచి మోల్డింగ్‌ని వదిలేస్తారు, వేడి ముందు తగిలేది దానికే. పక్కల నిలబడే కాళ్ళు ఇటుక ముఖం నుంచి ఒకటిన్నర అంగుళం కంటే ముందుకొస్తే, ఎంత ముందుకొచ్చాయో అంత దూరం ఆ 6కి కలపమని కూడా చాలాచోట్ల నియమం ఉంది. ఊరూరికీ కొద్దిగా తేడా ఉంటుంది కనుక మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంటుకి ఒక ఫోన్ చేసి కనుక్కో. వాళ్ళు చెప్పింది నేను రాసినదానికంటే కఠినంగా ఉంటే వాళ్ళ మాటే పాటించు.

నీ ఫోటోలో టేపు కనిపిస్తోంది కాబట్టి ఒక అంచనా వేశాను. నోరు 36 వెడల్పు, 28 ఎత్తు. చుట్టూ ఇటుక పట్టీ బయటి అంచుల మధ్య 50న్నర, ఎత్తు 36. నోటికి అటు 6, ఇటు 6 వదిలితే మాంటెల్ కాళ్ళ మధ్య ఖాళీ 48కి తగ్గకూడదు. ఇటుక పట్టీ పక్కన గోడ ప్లాస్టర్ బయటపడకుండా ఉండాలంటే 50న్నరకి మించకూడదు. ఒక్కో పక్క ముప్పావు అంగుళం ఇటుక మీదికి ఎక్కితే అతుకు దాగుతుంది, కాబట్టి 49 అంగుళాలకి ఆర్డరు చెయ్యి. ఎత్తులో కూడా అంతే: 34కి తగ్గకూడదు, 36కి మించకూడదు, 35 పెట్టుకో. ఇక అర, దాని మోల్డింగ్ అడుగు అంచు నోటి అడుగు మట్టం నుంచి 40 అంగుళాల పైన ఉండాలి. కింది హద్దు నిప్పు నిర్ణయిస్తుంది, పై హద్దు గోడ నిర్ణయిస్తుంది. కాళ్ళ మధ్య వెడల్పులో ఆ రెంటికీ మధ్య నీకున్న సందు రెండున్నర అంగుళాలే. అందుకే లావుపాటి కాళ్ళ మాంటెల్ నీకు వద్దంటున్నాను. అది ఇటుక ముందుకి 2 అంగుళాలు వస్తే ఒక్కో పక్క 8 వదలాలి, కాళ్ళ మధ్య 52 కావాలి, అంత ఇటుక మీ ఇంట్లో లేదు. అలాంటిదే మనసుపడితే ముందు ఇటుక పట్టీని వెడల్పు చేయించాలి.

గోడ కంటే ఇటుక ఎంత ముందుకుందో కొలవడం మర్చిపోకు. తిన్నటి చెక్క ఒకటి ఇటుక మీద అడ్డంగా ఆనించి, దాని చివరికీ గోడకీ మధ్య ఎడం చిన్న స్కేలుతో కొలువు. పైనా కిందా, రెండు పక్కలా. మాంటెల్ వెనక అంత లోతు ఖాళీ ఉండాలి, లేకపోతే అది ఇటుకని తన్నుకుని గోడకి ఆనదు. అంకెల్లో తేడా ఉంటే పెద్దదానికి చేయించు, మిగిలిన సందుని వడ్రంగి గోడ వంపుకి తగినట్టు చెక్క చెక్కి మూస్తాడు.

తర్వాత కాళ్ళ కింద ఏముందో చూడు. నోరు 36 ఇంటూ 28 అంటే 1008 చదరపు అంగుళాలు, అంటే 7 చదరపు అడుగులు. నోరు 6 చదరపు అడుగులు గాని అంతకు మించి గాని ఉంటే, దాని ముందున్న రాతి గచ్చు 20 అంగుళాలు ముందుకి, ఒక్కో పక్క 12 అంగుళాలు ఉండాలి. అంతకంటే చిన్న నోటికి 16, 8 చాలు. మీ గచ్చు ఎంతుందో కొలిచి రాయి. అది చెక్క నేల కంటే ఎత్తుగా కనిపిస్తోంది. మాంటెల్ కాలు సగం గచ్చు మీద, సగం నేల మీద పడితే ఆ ఎత్తు తేడా కాలి అడుగున తగ్గించాలి. ఎత్తు కొలతలన్నీ కాలు నిలబడే చోటు నుంచే మొదలుపెట్టాలన్నది గుర్తుంచుకో. గచ్చుకి రసమట్టం కూడా పెట్టి చూడు, పాత ఇళ్ళలో ఒక మూల కుంగి ఉంటుంది. నోటికి ఐమూల కొలతలు రెండూ తీసుకో. అవి సమానంగా లేకపోతే నోరు మూలమట్టానికి లేదన్నమాట. మాంటెల్‌ని నోటికి కాకుండా రసమట్టానికే నిలబెట్టాలి.

గోడ సంగతి తొందరగా చెప్తాను: మొత్తం వెడల్పు, పక్క కిటికీల చట్రాల దాకా దూరం, పైకప్పు ఎత్తు, కరెంటు ప్లగ్గులు, నేల దగ్గరి చెక్క పట్టీ మందం. ఫైర్‌ప్లేస్‌కి గాజు తలుపులుంటే అవి పూర్తిగా తెరుచుకునేంత చోటు.

అర లోతు మాత్రం నీ చేతిలో ఉంది. సంక్రాంతికి బొమ్మల కొలువు అక్కడే పెడతానన్నావు కదా, అమ్మమ్మగారి కొండపల్లి బొమ్మల్లో అన్నిటికంటే వెడల్పైనది, ఆ ఏనుగు అంబారీ, తీసి పీట కొలువు. దానికి ఒక అంగుళం కలిపి ఆ లోతుకి అరని ఆర్డరు చెయ్యి. కాగితం మీద అంకెకంటే ఇదే నమ్మకమైన పద్ధతి. మంట వేసిన రోజు మాత్రం అర మీద మామిడాకుల తోరణం వేలాడదీయకు. ఎండిన ఆకులు నోటి ముందుకి జారితే క్షణం పట్టదు.

ఇంకొకటి, ఇది నీకు గట్టిగా చెప్పాలి. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం వాడకాన్ని 1978లో నిషేధించారు. మీ ఇల్లు అంతకు ముందుది. పాత మాంటెల్ మీద పొరలు పొరలుగా ఉన్న ఆ తెల్ల రంగులో సీసం ఉండే అవకాశం చాలా ఉంది. పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఆ రంగుని గీకకండి, ఇసుక కాగితంతో రుద్దకండి. ముందు పరీక్ష చేయించి, సీసం ఉందని తేలితే అందుకు లైసెన్సున్నవాళ్ళ చేతే విప్పించండి. అది విప్పే రోజు పాపని తీసుకుని నువ్వు అత్తగారింటికి వెళ్ళిపో.

కొలతలన్నీ అయ్యాక పెద్ద అట్టపెట్టెలు విప్పి మాంటెల్ ఆకారం కత్తిరించి, నీలం టేపుతో గోడకి అంటించు. రెండు మూడు రోజులు అలాగే ఉంచి, సోఫాలో కూర్చుని చూడు, తలుపులోంచి వస్తూ చూడు. ఒక అంగుళం అటో ఇటో జరపాలనిపిస్తే అట్టకి ఖర్చు లేదు.

ఒక కాగితం మీద ఎదురు బొమ్మ, పక్క బొమ్మ గీసి, ప్రతి అంకె పక్కన ఎక్కడి నుంచి ఎక్కడికో రాయి. నోటికి, ఇటుకకి, గోడకి మూడు రంగుల పెన్నులు వాడితే దుకాణం వాడికీ గందరగోళం ఉండదు. ఆర్డరు పెట్టేముందు ఆ కాగితం, గచ్చు మూల దగ్గరి ఫోటో నాకు పంపు. శనివారం పొద్దున ఫోన్లో కూర్చుని ఇద్దరం ఒక్కో అంకె సరిచూసుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న