మతిమరుపుకి హార్మోన్ మాత్రలా?

ప్రశ్న: మా అమ్మకి 67 ఏళ్లు, కూకట్‌పల్లిలో మా దగ్గరే ఉంటుంది. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. పాలబ్బాయికి డబ్బులిచ్చి, మళ్లీ ఇవ్వబోతుంది. మా పెద్దమ్మ కూతురు (51) హార్మోన్ మాత్రలు వాడుతోంది, బుర్ర తేలికపడిందంటోంది. అమ్మకీ మొదలుపెట్టొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: వద్దమ్మా. మీ అక్క వయసు వేరు, అమ్మ వయసు వేరు. 51లో ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలతో నిద్ర లేనివాళ్లకి ఈస్ట్రోజన్ (ఆ మాత్రల్లో ఉండే ఆడ హార్మోన్) బాగా పనిచేస్తుంది, కంటినిండా నిద్రపడితే బుర్ర కూడా తేలికపడుతుంది, తనకి జరిగింది బహుశా ఇదే. అంతేగానీ అది జ్ఞాపకశక్తికి మందు కాదు. నెలసరి ఆగిన కొత్తలోనే మొదలుపెట్టినవాళ్లని నాలుగేళ్లు పరిశీలించి 2015లో చెప్పిందేమిటంటే, జ్ఞాపకశక్తికి లాభమూ లేదు, నష్టమూ లేదు.

అమ్మ వయసులో మాత్రం నష్టమే కనిపించింది. అమెరికాలో 65 దాటిన నాలుగున్నర వేల మందిలో దాదాపు సగం మందికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందు కలిపిన మాత్ర, మిగతావాళ్లకి మందు లేని మాత్ర ఇచ్చి చూశారు. 2003లో వచ్చిన ఫలితాల్లో, డిమెన్షియా (రోజువారీ పనులు కూడా దెబ్బతినే మతిమరుపు జబ్బు) మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లలో ఏడాదికి పదివేల మందికి 22 చొప్పున వస్తే, హార్మోన్ వేసుకున్నవాళ్లలో 45 మందికి వచ్చింది. రిస్క్ ఒక్కొక్కరికీ చిన్నదే, కానీ లాభమే లేని మందుకి ఆ కాస్త రిస్క్ మాత్రం ఎందుకు?

ముందు అమ్మ మందుల డబ్బా బయటికి తీయండి. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బీ12 తగ్గిపోవచ్చు, శాకాహారులైతే ఇంకా ఎక్కువ. నిద్రమాత్రలు, జలుబుకో దురదకో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మత్తు మాత్రలు పెద్దవాళ్ల బుర్రని మందగింపజేస్తాయి. అయితే ఏదీ మీ అంతట మీరు ఆపేయకండి, డబ్బా మొత్తం డాక్టర్‌కి చూపించండి. బీ12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, బీపీ, వినికిడి కూడా చూపించాలి. అమ్మ దిగులుగా ఉంటుందా అన్నదీ గమనించండి, పెద్ద వయసులో డిప్రెషన్ చాలాసార్లు మతిమరుపులాగే కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మతిమరుపు పెరుగుతుంటే పంజాగుట్ట నిమ్స్‌లోనో, మీకు దగ్గర్లోనో న్యూరాలజిస్టుకి చూపించండి. తెలిసిన వీధిలో దారి తప్పినా, డబ్బుల లెక్క తేలకపోయినా ఆలస్యం చేయొద్దు. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమకపడుతుంటే వెంటనే ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరూ వెంట వెళ్లండి, ఎప్పుడు ఏం మర్చిపోయిందో అమ్మ చెప్పలేదు, మీరే చెప్పాలి.