దగ్గర్లో ఉన్న రన్‌వే, దిగగలిగే రన్‌వే

ప్రశ్న: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172 అనే చిన్న ఒంటి ఇంజన్ విమానం నడుపుతున్నాను. ఆల్ప్స్‌లో ఇన్స్‌బ్రుక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కు తిన్నగా గీత గీసుకుని బయలుదేరితే, ప్రతిసారీ సగం దారిలో పెద్ద కొండ అడ్డొస్తోంది. ఇంకా పైకి ఎక్కడమే మార్గమా? దారిలో ఇంజన్ ఆగిపోతే దగ్గర్లో ఏ విమానాశ్రయం ఉందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఆ కొండ పేరు విల్డర్ కైజర్. మీ గీత మొదట్లో బాగానే నమ్మిస్తుంది. వోర్గ్‌ల్ ఊరి దాకా ఇన్ నది లోయ వెంటే సాగుతుంది. అక్కడి నుంచి లోయ ఉత్తరం వైపు ఒంపు తిరుగుతుంది. గీతకు ఆ ఒంపుతో పనిలేదు. అది సూటిగా పోయి, విల్డర్ కైజర్ కొండల్లో అన్నిటికంటే ఎత్తైన 2,344 మీటర్ల ఎల్మావర్ హాల్ట్ శిఖరాన్నే దాదాపుగా తాకుతుంది. అంటే సుమారు 7,700 అడుగులు.

పైనుంచి దాటవచ్చు. కానీ కొండల మీద కనీసం 2,000 అడుగుల ఎడం ఉంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఆ లెక్కన 9,700 అడుగులకు ఎక్కాలి. ఎత్తు పెరిగేకొద్దీ సెస్నా ఎక్కే వేగం తగ్గిపోతుంది. శిఖరం నుంచి సాల్జ్‌బర్గ్‌కు మిగిలేది 31 నాటికల్ మైళ్లే (ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు) కాబట్టి, కొండ దాటీ దాటగానే దిగడం మొదలుపెట్టాలి. ఇంత హైరానా దేనికి?

నదిని పట్టుకుని వెళ్లండి. ఇన్స్‌బ్రుక్‌లో ఎగిరి, ఇన్ నదిని కుడి రెక్క కిందో ఎడమ రెక్క కిందో కనిపించేలా ఉంచుకుని కుఫ్‌స్టైన్ చేరండి. అక్కడ కొండలు రెండు వైపులా దగ్గరకు వస్తాయి. వాటి మధ్య నుంచి బయటపడితే ముందు మైదానం. రోజెన్‌హైమ్ దగ్గర కుడికి తిరిగితే కాసేపట్లో చీమ్‌జే సరస్సు వస్తుంది. అంత పెద్ద నీటి పరప్పును ఎవరూ పోల్చుకోలేకపోరు. అది దాటి తూర్పుకే పోతే సాల్జ్‌బర్గ్. సూటి దారి 75 నాటికల్ మైళ్లయితే ఇది సుమారు 90. 110 నాట్ల వేగంతో, అంటే గంటకు 110 నాటికల్ మైళ్ల చొప్పున, అదనంగా పట్టేది ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో కిటికీలోంచి చూసేదానికి నేనైతే ఎంత ఇంధనమైనా ఇస్తాను. చేతితో దారి వేసుకోవడంలో ఉన్న ఆనందమే అది: నదులు, సరస్సులు, ఊళ్లు ఒకదాని తరవాత ఒకటి వచ్చి మన లెక్క సరైనదని చెబుతుంటాయి.

ఎత్తు 5,500 అడుగులు చాలు. దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంట్లోనే కాగితం మీద వేసుకోండి. సాల్జ్‌బర్గ్ విమానాశ్రయం 1,411 అడుగుల ఎత్తులో ఉంది. దాని చుట్టూ తిరిగి దిగడానికి 2,400 దగ్గర ఉండాలనుకుంటే, పోగొట్టుకోవలసింది 3,100 అడుగులు. నిమిషానికి 500 చొప్పున ఆరు నిమిషాల పైచిలుకు. అంటే 11 మైళ్లు మిగిలి ఉండగానే ముక్కు దించాలి.

ఇక ఇంజన్ సంగతి. మీ విమానంలో జీ1000 అనే డిజిటల్ తెర ఉంటే ఎన్‌ఆర్‌ఎస్‌టీ (నియరెస్ట్, అంటే అతి దగ్గరిది) అనే మీట నొక్కండి. దగ్గరి విమానాశ్రయాలు దూరం, దిశలతో వరసగా కనిపిస్తాయి. ఎగిరే ముందే చూసుకోవాలంటే లిటిల్ నావ్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. రన్‌వే పొడవును బట్టి కూడా వెతకనిస్తుంది. అయితే జాబితాలో మొదటి పేరునే పట్టుకోకండి. విల్డర్ కైజర్ దగ్గర ఉన్నప్పుడు మొదటి వరసల్లో కనిపించే వాటిలో సాంక్ట్ యోహాన్ ఒకటి. దాని రన్‌వే సుమారు 750 మీటర్లు. మీ సెస్నాకు అది సరిపోతుంది. రేపు ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానంలో ఇదే దారిన వెళితే, అది మీకు లేనట్టే.

ఇంజన్ లేకుండా సెస్నా 172 ప్రతి వెయ్యి అడుగులకు ఒకటిన్నర నాటికల్ మైలు జారుతుంది, అదీ గాలి లేనప్పుడు. నేల కంటే 4,000 అడుగుల ఎత్తులో ఉంటే ఆరు మైళ్లు. మధ్యలో కొండ ఉంటే ఆ ఆరూ దక్కవు. అందుకే దారిని బట్టి ఆరేసి మైళ్లకు ఒకసారి, ‘ఇప్పుడు ఆగిపోతే ఎక్కడ?’ అని చూసుకుంటూ వెళ్లండి. లోయలో జవాబు తరచు పచ్చిక మైదానమే అవుతుంది. అది మంచి జవాబే.

ప్రశ్న: ఎంచుకున్న చోటికి దగ్గరి విమానాశ్రయాలను చూపే చిన్న ప్రోగ్రాం సొంతంగా రాస్తున్నాను. స్టాక్‌హోమ్ ఆర్లాండా నుంచి హెల్సింకీకి నా లెక్కలో 424 నాటికల్ మైళ్లు వస్తోంది. సిమ్యులేటర్ సుమారు 215 అంటోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. మీరు రేఖాంశానికీ అదే వేశారు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. మీరు ఎంచుకున్న రెండు చోట్లూ 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దరిదాపుల్లో ఉన్నాయి కాబట్టి అక్కడ డిగ్రీ దాదాపు సగమై 30 మైళ్లే ఉంటుంది. రేఖాంశాల తేడాను అక్షాంశపు కొసైన్‌తో గుణిస్తే దగ్గరి చోట్లకు చాలు. ఎక్కువ దూరాలకు, గోళం మీద దూరాన్ని లెక్కించే హావర్‌సైన్ సూత్రం వాడండి.

సమాచారానికి అవర్‌ఎయిర్‌పోర్ట్స్ జాబితా ఉచితంగా దొరుకుతుంది. రన్‌వేల వివరాలు అందులో వేరే ఫైలులో, పొడవు అడుగుల్లో ఉంటాయి. హెలిపోర్టులు, మూతబడ్డ విమానాశ్రయాలు కూడా ఆ జాబితాలోనే కలిసి ఉంటాయి. దూరం లెక్కించే ముందే వాటిని రకం చూసి తీసేయండి. లేకపోతే ఏ ఆస్పత్రి మేడ మీది హెలిపోర్టో మీకు అతి దగ్గరి విమానాశ్రయంగా తేలుతుంది.