ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత వ్యాపారం. మా అబ్బాయి నెల్లూరు హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. బీటెక్ వద్దట, భారత జట్టుకు కోచ్ అయిన ఖాలిద్ జమీల్‌లా ఫుట్‌బాల్ కోచ్ అవుతాడట. బయటి రాష్ట్రంలోని ఒక అకాడమీ ఏడాదికి నాలుగు లక్షలు అడుగుతోంది. కోపమొచ్చి వాడి బూట్లు అటకెక్కించాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. బీటెక్, కోచింగ్‌లలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక సంగతి తర్వాత. ముందు ఆ బూట్లు కిందికి దించండి సార్.

ఇలాంటి ఉత్తరాలు క్రికెట్ గురించీ వస్తాయి, షటిల్ గురించీ వస్తాయి. అన్నిటిలోనూ ఉండే దిగులు రెండే: వీడికి జీతం వస్తుందా, పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే ఏం చెప్పుకోవాలి. మొదటిదానికి నేను జవాబు చెప్పగలను. రెండోది మీరే తేల్చుకోవాలి.

ఖాలిద్ జమీల్ మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా జట్లకు ఆడాడు. గాయాలతో ఆట ముందే ఆగిపోయింది. 2009లో ముంబై ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు. ఏడేళ్లపాటు ఆ చిన్న జట్టు కింది డివిజన్‌కు జారిపోకుండా కాచుకోవడమే పని, పేపర్లో ఫొటో పడే పని కాదు. తర్వాత మిజోరం జట్టు ఐజ్వాల్. అంతకుముందు సీజన్లో కిందికి పడిపోయి, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దక్కిన జట్టది. దానితోనే 2016-17లో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచాడు. భారత జట్టు చేతికొచ్చేసరికి 2025 ఆగస్టు. అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓడి ఫుట్‌బాల్ ఆసియా కప్‌కు అర్హత పొందే ఆశ పోయింది. మీవాడికి ఐజ్వాల్ కప్పు తెలిసే ఉంటుంది. ముంబై ఏడేళ్ల సంగతి తెలుసేమో అడగండి, కోప్పడకుండా.

నా అనుమానమంతా ఆ అకాడమీ మీదే. ఇంటర్ పిల్లవాడికి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆశ చూపి లక్షలు అడిగేవాళ్లను నేను నమ్మను. హెడ్ కోచ్‌కున్న ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) లైసెన్స్ చూపించమనండి. మూడేళ్ల కిందట చేరిన పిల్లలు ఇప్పుడెక్కడ ఆడుతున్నారో చెప్పమనండి. నసిగితే ఫోన్ పెట్టేయండి. ఆ ఐఎస్ఎల్ మాత్రం ఏం నిలకడగా ఉంది? 2021-22లో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిల్లో కూరుకుపోయి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

కోచ్ కావడానికి నాలుగు లక్షలు అక్కర్లేదు. 18 నిండాక ఏఐఎఫ్ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డీ లైసెన్స్ కోర్సు, అనుభవం వచ్చేకొద్దీ సీ, బీ, ఏ. పక్కన డిగ్రీ, ఆపైన బీపీఈడీ ఉంటే డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టుకు పోటీ పడొచ్చు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్, హైదరాబాద్ రహీం సాబ్ బడిపంతులే. ఆ జట్టులో ఆడి, కోచ్‌గా ఇంకా పేరు తెచ్చుకున్న పీకే బెనర్జీ రైల్వే ఉద్యోగి. జీతం ఒక చేత్తో, ఆట ఇంకో చేత్తో పట్టుకున్నవాళ్లే వీళ్లంతా.

ఇంకో మాట, నొచ్చుకోకండి. అమెరికా సుంకం పెంచితే ఇక్కడ రొయ్య ధర పడిపోతుంది. అలాంటి రైతులకు మేత అరువిచ్చే మీరు, పదిహేడేళ్ల కొడుకును మాత్రం జీవితానికి గ్యారంటీ ఇమ్మంటున్నారు!

పోలిక అడిగారు కదా: ఇష్టం లేని బీటెక్ బ్యాక్‌లాగుల్లో తేలుతుంది. ఇష్టపడి చేరితే అది చదువుతూనే డీ లైసెన్స్ తీసుకోవచ్చు.

ఇంటర్ పరీక్షలు రాయనివ్వండి. వేసవంతా కావలిలోనే చిన్నపిల్లలకు ఆట నేర్పమనండి. పొద్దున్నే అయిదింటికి కోన్లు పరవాలి, ఏడ్చేవాణ్ని ఊరుకోబెట్టాలి, ఆలస్యంగా వచ్చిన తల్లిదండ్రులతో మాట పడాలి. జూన్‌కు కూడా వాడి మనసు అక్కడే ఉంటే మళ్లీ రాయండి, కాలేజీ సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాకా అకాడమీకి అడ్వాన్సు మాత్రం కట్టకండి.