బ్యాటరీని ఇంట్లో ఛార్జ్ చేస్తే కారు ఈసీయూ పోతుందా?

కారు రెండు నెలలు సెల్లార్‌లోనే ఉండిపోయి సెల్ఫ్ తీసుకోవడం లేదని, స్మార్ట్ ఛార్జర్ కొన్నారని, దాని మీదున్న ‘రీకండిషన్’ బటన్ నొక్కితే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉందని రాశారు.

మామూలు ఛార్జింగ్‌తో ఏమీ కాదండి. ఇంజిన్ నడిచినంతసేపూ ఆల్టర్నేటర్ దాదాపు 14 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, మంచి ఛార్జర్ కూడా 14.4 దగ్గర ఆగుతుంది. రీకండిషన్ సంగతి వేరు. ఆ మోడ్‌లో చాలా ఛార్జర్లు 15.5 నుంచి 16 వోల్టుల దాకా వెళ్తాయి. అందుకే టెర్మినళ్లు బిగించి ఉండగా ఆ బటన్ జోలికి వెళ్లొద్దు. బ్యాటరీ విప్పి బయట పెట్టాక ఎంత వోల్టేజీ ఎక్కినా ఈసీయూ దాకా రాదు.

ఊరెళ్లి వచ్చినప్పుడల్లా మా కారుదీ ఇదే కథ కాబట్టి నేను చేసేది చెప్తాను. బండి ఆపి తాళంచెవి తీసేసి కాసేపు ఆగి, 10 నంబర్ స్పానర్‌తో ముందు నల్ల వైరు విప్పుతాను. ఎర్రది ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడిగి, పొడిగా తుడుస్తాను. ఆ నీళ్లు బ్యాటరీ లోపలి గదుల్లోకి (సెల్స్) పోకుండా మూతలు బిగించే ఉండాలి.

ఛార్జింగ్ మాత్రం సెల్లార్‌లో వద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడనిచోట చిన్న రవ్వ చాలు. నేను బాల్కనీలో పెడతాను. క్లిప్పులు పెట్టాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయాలి. 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) బ్యాటరీకి మూడు, మూడున్నర ఆంపియర్లు చాలు. తొందరపడి ఎక్కువ పెడితే ప్లేట్లు వేడెక్కి పాడవుతాయి.

బ్యాటరీ తీయకుండానే ఛార్జ్ చేయాలంటే మామూలు మోడ్‌లోనే చేయండి. కొత్త కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. అది ఉంటే నల్ల క్లిప్పు బ్యాటరీకి కాకుండా మాన్యువల్‌లో చూపించిన ఎర్త్ బోల్టుకి పెట్టాలి.

బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. రీకండిషన్ చేసేది దాన్ని కొంత కరిగించడం. ఇది మూతలు తీసి నీళ్లు పోసే రకం బ్యాటరీలకే, ఏజీఎంకి (యాసిడ్‌ని పీల్చుకున్న గ్లాస్ ఫైబర్ మ్యాట్‌లతో ఉండే సీల్డ్ రకానికి) వద్దు. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి, గీత దాకా నింపేది ఛార్జ్ అయ్యాకే. యాసిడ్ పోయకూడదు. ఎప్సమ్ సాల్ట్ చిట్కాలు నమ్మొద్దు, గట్టిపడిన సల్ఫేట్ దాంతో పోదు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. చేయి పెడితే చురుక్కుమనేంత వేడెక్కితే ఆపేయాలి. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్సూ చూడండి. అన్నీ 1.25 దగ్గర ఉంటే బాగున్నట్టే. ఒక్కటి మాత్రం బాగా కిందుంటే ఆ బ్యాటరీ మీద ఇంకా టైమ్ పెట్టడం దండగ.

నిజానికి ఎలక్ట్రానిక్స్ పోయేది ఛార్జర్ వల్ల కంటే మొరటు పనుల వల్ల. క్లిప్పులు తిరగేసి పెట్టడం, లారీ 24 వోల్టులతో జంప్ స్టార్ట్ చేయడం, అన్నిటికంటే ఘోరం ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ టెస్ట్ చేయడం. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మా బావగారి కారుకి ఒక మెకానిక్ అలాగే చేస్తే స్టీరియో అక్కడికక్కడే పోయింది. మీ కారు మీద ఎవర్నీ ఆ పని చేయనివ్వకండి.

మీది రెండు నెలలే కాబట్టి ముందు మామూలు మోడ్‌లో, పొద్దున్నే, ఇంట్లో మనిషి ఉండగా పెట్టండి. నిండాక తీసేసి రాత్రంతా వదిలి, మర్నాడు మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. 12.5 పైన నిలబడితే రీకండిషన్ అక్కర్లేదు. 10.5 దగ్గర ఉంటే ఒక సెల్ పోయినట్టే, కొత్తది కొనాల్సిందే. ఈ రెండింటికీ మధ్యలో ఉంటే ఆరు సెల్స్ రీడింగులూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.